తులసి కుండీ దగ్గర మొదలుపెట్టు

కడప

అమ్మా,

కాంతితో ప్రొటీన్లను పని చేయించడం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. నాలుగు పేజీల్లో ‘అద్భుతం’ తొమ్మిదిసార్లు. రెండోసారి చదివితే చివర్లో ఒక వాక్యం తగిలింది. ప్రొద్దుటూరులో మీ అమ్మ కిటికీలోని తులసి కుండీని రెండ్రోజులకోసారి తిప్పి పెడుతుందని, లేకపోతే చెట్టు వంగిపోతుందని. ఇంత మంచి సంగతిని తీసుకెళ్లి చివర పడేస్తావా?

అసలు కథ అక్కడే ఉంది. తులసి వెలుతురు వైపు వంగేది ఫోటోట్రోపిన్ అనే ప్రొటీన్ వల్ల. ఓట్స్ మొక్కలోని ఫోటోట్రోపిన్ నుంచి ఒక ముక్క తీసి, 2009లో అమెరికాలో క్లౌస్ హాన్ అనే శాస్త్రవేత్త బృందం రాక్1 అనే ప్రొటీన్‌కు అతికించింది. కణం కదలికకు రాక్1 కావాలి. చీకట్లో ఆ ముక్క రాక్1 పని చేసే చోటుకు అడ్డం పడి ఉంటుంది. నీలి కాంతి తగిలితే ఆ ముక్క కొసన ఉన్న మెలిక విడిపోతుంది, అడ్డు తొలగుతుంది. కాంతి పడిన వైపు కణం అంచు ముందుకు పొడుచుకొస్తుంది. లైటు తీసేస్తే నిమిషం అటూ ఇటూగా మళ్లీ మెలిక పడుతుంది.

నువ్వేమో ‘కాంతి ప్రొటీన్‌కు ఆజ్ఞ ఇస్తుంది’ అన్నావు. ఆజ్ఞ ఏమిటమ్మా! సైన్సు రాసేటప్పుడు ప్రతి వాక్యాన్నీ ఒకటే అడుగు: ఇక్కడ ఏం కదిలింది? జవాబు రాకపోతే ఆ వాక్యం కొట్టెయ్. ఇంకోటి, మన కణాల్లో మామూలుగా ఉండే రాక్1కు ఇలా కాంతి పట్టదు. అతికించిన ప్రొటీన్ తయారయ్యే జన్యువును ముందు కణంలోకి ఎక్కించాలి. ఆ మాటే నీ వ్యాసంలో లేదు.

మాటల విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. వేరుశనగ మీద నేను రాసిన వ్యాసంలో ‘ప్రొటీన్’ అన్న చోటల్లా ఒక సంపాదకుడు ‘మాంసకృత్తు’ అని మార్చేశాడు. అనంతపురం వైపు రైతు ఒకాయన కార్డు రాశాడు: ‘చెనిక్కాయలో మాంసం యాడ నుంచి వచ్చిందప్పా?’ అని. వ్యాసమంతా శ్రద్ధగా చదివిన మనిషి ఆయన. సంగతి విడమరిచి చెప్పడానికి నాకు మూడు కార్డులు పట్టాయి. సంపాదకుడికి ఆ కార్డు చూపిస్తే చేత్తో పక్కకు నెట్టాడు. నాలుగేళ్లు నేను ఆ పత్రిక గడప తొక్కలేదు. ఇప్పటి వాళ్లది ఇంకో జబ్బు, అన్నిటికీ ‘మ్యాజిక్’. నువ్వు ఆ జబ్బు అంటించుకోవద్దు.

తిరగరాసి పంపు. వారం పాటు కుండీ తిప్పొద్దని అమ్మకు చెప్పు. కిటికీ ఏ దిక్కున ఉంది, ఎన్నో రోజున ఎంత వంగింది, నువ్వే కూర్చుని చూడు. మొదటి పేరా అదే.