సహస్రకు, కాలేజీల జాబితా గురించి

సహస్రా,

నువ్వు జర్నలిజం చదువుతానన్నావని మీ అమ్మ చెప్పగానే తాతయ్య గుర్తొచ్చారు. తెనాలిలో వార్తలు రాసి, కవరు మీద ‘ప్రెస్’ అని రాసి, సాయంత్రం బెజవాడ బస్సు కండక్టరు చేతిలో పెట్టేవారు. లైన్ అకౌంట్ కింద, అంటే వార్త ఎన్ని లైన్లు పడితే అన్నిటికి లెక్కకట్టి, వచ్చే డబ్బు సైకిలు బాగుచేయించడానికి కూడా చాలేది కాదు. అయినా మర్నాడు వార్త పడిందంటే ఇంట్లో పండగే. ఆయన మనవరాలు ఈ దారి పట్టిందని గర్వంగా ఉంది. అమెరికాలో నువ్వు అప్లై చేద్దామనుకున్న పది కాలేజీల జాబితా చూశాక మాత్రం నిద్ర పట్టలేదు.

పదిలో ఏడు పెద్ద పేర్లే. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ జర్నలిజం స్కూలు మెడిల్‌కి అప్లికేషన్ వెయ్యి, ఆశపడు, తప్పులేదు. కొలంబియా యూనివర్సిటీ కొట్టెయ్. అక్కడి జర్నలిజం స్కూలు 1912 నాటిదే గానీ ఇప్పుడు అది పీజీ వాళ్ళకే. నీకెవరో చెప్పింది మిస్సోరీలోని కొలంబియా ఊరు అయ్యుంటుంది. 1908లో పెట్టిన జర్నలిజం స్కూలు అక్కడుంది. పిల్లలు క్లాసులో భాగంగానే ‘మిస్సోరియన్’ పత్రికకీ, యూనివర్సిటీ సొంత టీవీ స్టేషన్‌ కోముకీ పని చేస్తారు. అది నీ జాబితాలో లేదేమిటి?

నీ మార్కులు ఏ కాలేజీలో చేరినవాళ్ళ మధ్య వరసలో ఉంటాయో అది మ్యాచ్. కాలేజీ పేరు పక్కన ‘కామన్ డేటా సెట్’ అని కొట్టి వెతికితే ఆ అంకెలన్నీ దొరుకుతాయి. కానీ యూనివర్సిటీలో సీటు వేరు, జర్నలిజం మేజర్‌లో, అంటే డిగ్రీ ప్రధాన సబ్జెక్టుగా, సీటు వేరు. కొన్నిచోట్ల మొదటి రోజే మేజర్ ఇస్తారు, కొన్నిచోట్ల ఏడాదో రెండేళ్ళో చదివాక మళ్ళీ అప్లై చెయ్యాలి. ఈ సంగతి ప్రతిచోటా మెయిల్ రాసి అడుగు.

ఇప్పుడు వంశీ అన్నయ్య సంగతి. వాడే రాయమన్నాడు. వాడూ నీలాగే హైస్కూల్ పత్రికకి ఎడిటరు, నీలాగే పెద్ద పేర్లు నింపాడు. సీటు ఖాయంగా వచ్చే ‘సేఫ్టీ’ కాలేజీలంటే వాడికి చిన్నచూపు. గడువు రేపనగా రాత్రి కూర్చుని రెండు పేర్లు చేర్చాడు, వాటి వెబ్‌సైట్ కూడా పూర్తిగా చూడకుండా. మార్చి నెలాఖరుకి పెద్దవన్నీ వరసగా కాదన్నాయి. చేతిలో మిగిలినవి ఆ రెండే. అప్పుడు కూర్చుని చదివితే ఏం తేలింది? ఒకదాంట్లో జర్నలిజం మైనర్‌గా, అంటే పక్క సబ్జెక్టుగా, మాత్రమే ఉంది, మేజర్ లేదు. రెండోదాంట్లో మేజర్ ఉంది గానీ, మార్కులకిచ్చే స్కాలర్‌షిప్ గడువు అప్లికేషన్ గడువుకంటే ముందే అయిపోయింది. వాడి మార్కులకి తేలిగ్గా రావాల్సిన డబ్బది. బయటి రాష్ట్రాల వాళ్ళు కట్టే పూర్తి అవుట్-ఆఫ్-స్టేట్ ఫీజు కట్టి చేరాడు. చేరినా ఆ ఊరంటే కోపం, తోటి పిల్లలంటే కోపం. స్టూడెంట్ పేపర్ గుమ్మం తొక్కలేదు. రాయకుండా ఉండలేని పిల్లాడు ఏడాది పాటు ఒక్క వార్త రాయలేదు తల్లీ. నన్ను బాధపెట్టింది ఫీజు కాదు, అదీ. తర్వాత వేరే కాలేజీకి మారితే కొన్ని క్రెడిట్లు చెల్లలేదు. మళ్ళీ కలం పట్టడానికి చాలా రోజులు పట్టింది.

అందుకే చెప్తున్నా, ముందు సేఫ్టీలు వెతుకు, పెద్ద పేర్లు తర్వాత. సీటు, ఫీజు, మేజర్ ఖాయంగా ఉండాలి, ఏప్రిల్లో అదొక్కటే మిగిలినా పెట్టె సర్దుకోవాలనిపించాలి. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ చూడు. యూనివర్సిటీలో చేరడానికి ఏం కావాలో బయటే రాసి పెడతారు, జవాబు కూడా త్వరగా వస్తుంది. అక్కడి జర్నలిజం స్కూలు క్రాంకైట్ ఫీనిక్స్ నడిబొడ్డున ఉంది. ఫిలడెల్ఫియాలో టెంపుల్ యూనివర్సిటీ ఉంది, మీ ఎడిసన్‌కి దగ్గర. ఇక రట్గర్స్ యూనివర్సిటీని ‘ఇంటి పక్కదే’ అని చివర్న రాశావు! అక్కడి విద్యార్థుల పత్రిక ‘డైలీ టార్గమ్’ 1869లో పుట్టింది. కౌంటీ కోర్టు కూడా ఆ ఊరు న్యూ బ్రన్స్‌విక్‌లోనే ఉంది, న్యూయార్క్‌కి నేరుగా రైలుంది. నేర్చుకునే విలేకరికి ఇంకేం కావాలి?

నా అసలు భయం నీ వీసా. కోప్పడకు, ఇది మీ నాన్న నీకు చెప్పి ఉండరు. నీది హెచ్-4, అంటే అమ్మానాన్నల ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా. దాని మీద ఫెడరల్ ప్రభుత్వ సాయం రాదు, జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ చెయ్యకూడదు. గ్రీన్‌కార్డు రాకపోతే 21 నిండేలోపు విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి. ఎఫ్-1 అయితే కాలేజీ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు. చదువయ్యాక చదివిన రంగంలో పని చేసుకునే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. సైన్సు, ఇంజనీరింగ్ లాంటి స్టెమ్ చదువుల వాళ్ళకి కలిసొచ్చే 24 నెలలు జర్నలిజం డిగ్రీకి ఉండవు. మిస్సోరీలో ఏడాదికి 2,000 డాలర్ల ఆదాయం చూపించి ఆ రాష్ట్రం వాళ్ళు కట్టే తక్కువ ఇన్-స్టేట్ ఫీజుకి మారొచ్చని పిల్లలు చెప్తారు, నీ వీసా మీద అది నమ్ముకోకు. రట్గర్స్‌లో నీకు ఏ ఫీజు పడుతుందో కూడా రాతపూర్వకంగా అడుగు. ఒకే కాలేజీకి ముందుగా మాటిచ్చి అప్లై చేసే ఎర్లీ డెసిషన్ జోలికి వెళ్ళకు. సీటొస్తే చేరి తీరాలి, మిగతా చోట్ల ఎంత డబ్బిస్తారో పోల్చుకునే వీలుండదు.

హెచ్-4 మీద ఉన్నన్నాళ్ళూ బయట జీతానికి పని చెయ్యలేవు గనక నీకు కాలేజీ పత్రికే ప్రాణం. ప్రతి కాలేజీ పత్రికవీ ఈ మూడు నెలల వార్తలు చదువు. మొదటి ఏడాది పిల్లల పేర్లు బైలైన్లలో, అంటే వార్త రాసినవాళ్ళ పేరు వేసే చోట, కనిపిస్తున్నాయా? యూనివర్సిటీకి నచ్చని వార్త ఒక్కటైనా వేశారా? ఎడిటర్‌కి మెయిల్ రాసి చూడు, నువ్వు విలేకరివేగా. జవాబు ఎలా ఇస్తారో చూస్తే చాలా తెలుస్తుంది. మిషిగన్ యూనివర్సిటీలో జర్నలిజం మేజర్ లేకపోయినా 1890 నుంచి ‘మిషిగన్ డైలీ’ పిల్లలే నడుపుతున్నారు, అదీ గుర్తుపెట్టుకో.

నువ్వు ఎక్కడ చదివినా నీ మొదటి బైలైన్ నాకే పంపాలి. రాత్రుళ్ళు మేలుకుని రాస్తున్నావట, అన్నం మానకు. ఆదివారం ఫోన్ చేస్తాను, మీ నాన్నని కూడా పక్కన కూర్చోబెట్టు. సంవత్సరానికి ఎంత పెట్టగలరో ఆయన నోటితోనే అంకె చెప్పాలి. ఆ అంకె తెలిశాకే జాబితా మళ్ళీ రాద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ