హంపీ వ్యాసం పంపిన అబ్బాయికి

అబ్బాయ్,

నీ వ్యాసం అందింది. మొదటి రెండు పేజీలు చదువుతుంటే ఒళ్ళు మండింది. "రాళ్ళు మాట్లాడుతున్నాయి" అన్నావు, పేరా తిరక్కుండానే మళ్ళీ మాట్లాడాయి, ఏం మాట్లాడాయో మాత్రం ఎక్కడా లేదు. 1565 తళ్ళికోట యుద్ధం, 1986లో యునెస్కో గుర్తింపు, యాభై నోటు మీది రాతిరథం, ఇవన్నీ గైడు చెప్పేవే, దానికి అతనికి డబ్బులు కూడా ఇచ్చుంటావు.

మూడో పేజీలో ఒక్క వాక్యం ఉంది. బడవిలింగం అనే ఆ పెద్ద శివలింగం పానవట్టం నీళ్ళలో మునిగి ఉండటం చూసి మీ అమ్మగారు "ఇవి ఏ కాలవ నీళ్ళురా?" అన్నారని. నేను అక్కడే ఆగిపోయాను. నువ్వేమో పక్కనున్న నరసింహుడి దగ్గర ఫొటో దిగడానికి పోయావు!

వంతు నీళ్ళ కోసం రాత్రిళ్ళు బోదె గట్టున కాపలా కాసిన ఇంటి మనిషి అడిగే ప్రశ్నయ్యా అది. జవాబు అక్కడే పారుతోంది. విజయనగర కాలంలో తుంగభద్ర నుంచి తవ్విన తుర్తు కాలవ ఇవాళ్టికీ ఆ గుళ్ళ మధ్య నుంచి వెళ్ళి అరటితోటల్ని, వరిచేలని తడుపుతోంది. రాజధాని పోయింది, కాలవ ఉంది. మెట్ల కోనేటి వైపు స్తంభాల మీద నిలబెట్టిన రాతి కాలవ ఉంటుంది, కోనసీమలో గోదావరి పాయ మీదుగా కాలవని దాటించే గన్నవరం అక్విడెక్టు చూస్తూ పెరిగినవాడివి, అదెలా కంట పడలేదు? ఏ ఊరెళ్ళినా ముందు నీళ్ళెక్కణ్ణించి వస్తున్నాయో చూడాలి. నా పిచ్చి అనుకో, ఫర్వాలేదు.

కుర్రతనంలో ద్రాక్షారామం మీద రాసి ఓ వారపత్రికకి పంపాను. సప్తగోదావరి గుండం మెట్ల మీద తడిబట్టలతో కూచుని పొలంగట్టు తగువు తేల్చుకుంటున్న ఇద్దరు ముసలమ్మలే అందులో ప్రాణం. ఎడిటరుగారు వాళ్ళిద్దర్నీ కొట్టేసి, ఆ జాగాలో "అపురూప శిల్పకళా వైభవం" అని తన సొంతం పెట్టుకున్నారు. పారితోషికం కూడా రాలేదు, అది వేరే సంగతి. ఇప్పుడు ఎడిటర్ల బెడద లేదు గానీ, డ్రోను పైకి లేపి కింద మనిషే కనబడకుండా తీసేవాళ్ళు తయారయ్యారు.

పుస్తకం ఎవరు వేస్తారని అడిగావు. ముందు మళ్ళీ వెళ్ళు. కాలవ గట్టు పట్టుకుని నడు, తూము ఎవరు తీస్తారో, నీళ్ళ దగ్గర ఎవరికెవరికి పడదో అడుగు, కన్నడం రాకపోతే హోటలు కుర్రాణ్ణి వెంటబెట్టుకో. తిరిగొచ్చాక రాసి పంపు. ఈసారి పేజీలకి నంబర్లు వెయ్యి, వరస కలిసిపోయి నానా తంటాలు పడ్డాను.