చెవి దగ్గరి చప్పుళ్ళ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

ఆశీస్సులు. ఏఎస్ఎంఆర్ మీద, అంటే గుసగుసలకో చిన్న చప్పుళ్ళకో కొందరికి మాడు నుంచి వెన్నులోకి పాకే తిమ్మిరి లాంటి హాయి మీద, నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి రెండు పేజీలు తీసెయ్యి. వ్యాసం నిజంగా మొదలైంది మూడో పేజీలో, మన విశాఖ పూర్ణా మార్కెట్‌లో గాజులమ్మే ఆవిడ నీ చెయ్యి పట్టుకున్న చోట. ఆవిడ నీ వేళ్ళన్నీ దగ్గరికి చేర్చి, బొటనవేలి కింద కండని మెత్తగా నొక్కుతూ ఒక్కో మట్టిగాజూ ఎక్కిస్తుంటే, గాజుకి గాజు తగిలే ఆ సన్నని చప్పుడుకి నీ మాడు వెనకాల ఏదో మొదలై, మెడ మీదుగా వీపులోకి దిగిందని రాశావు. అక్కడ నాకు నీ రాత మీద నమ్మకం కుదిరింది. ఆ అనుభూతి నాకు ఎప్పుడూ కలగలేదు. అయినా అది చదువుతూ నా చేతిని నేను చూసుకున్నాను.

నువ్వు రాసేది నాలాంటి వాళ్ళు కూడా చదువుతారు. ఈ అనుభూతి కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. ఉన్నవాళ్ళలో చాలామందికి చిన్నప్పటి నుంచే ఉంటుంది, కానీ దానికో పేరుందని, మరొకరికి కూడా అలా అవుతుందని పెద్దయ్యేదాకా తెలియదు. లేనివాళ్ళకేమో అది ఎంత చెప్పినా వింతగానే ఉంటుంది. ఈ ఇద్దరూ ఒకే పేజీ చదువుతారు. "ప్రతి ఒక్కరికీ ఏదో ఒక శబ్దం హాయినిస్తుంది" అన్న నీ వాక్యం ఇద్దరికీ పనికిరాదు. మొదటివాళ్ళకి అది చాలా పలచన, రెండోవాళ్ళకి అబద్ధం.

మూడోరకం వాళ్ళు కూడా ఉన్నారు. ఎదుటివాళ్ళు నమిలే చప్పుడు, పెన్ను టిక్కు టిక్కుమనిపించే చప్పుడు వింటేనే కోపం తన్నుకొచ్చే మనుషులు. దాన్ని మిసోఫోనియా అంటారు. ఈ అనుభూతి కోసం గుసగుసలతో, చిన్న చప్పుళ్ళతో తీసిన వీడియో ఒకరికి నిద్ర పట్టిస్తే, ఇంకొకరిని గదిలోంచి లేపేస్తుంది. నీ వ్యాసంలో ఈ మనుషులకి ఒక్క పేరా అయినా ఇవ్వు. మీ ఇంట్లోనే ఒకరు దొరకొచ్చు, అడుగు.

ఏఎస్ఎంఆర్ అన్న పేరు సంగతి రెండు వాక్యాల్లో తేల్చెయ్. అమెరికాలో జెన్నిఫర్ అలెన్ అనే ఆవిడ 2010లో "అటానమస్ సెన్సరీ మెరిడియన్ రెస్పాన్స్" అన్న పేరు పెట్టారు. ఆవిడ డాక్టర్ కారు, తనకి ఆ అనుభూతి ఉన్న మనిషి. నలుగురూ సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలని కావాలనే శాస్త్రీయంగా వినిపించే పేరు ఎంచుకున్నారు. నువ్వు మాత్రం "వైద్యశాస్త్రం కనుగొన్న స్థితి" అని రాశావు. అది కొట్టెయ్. ముందు అనుభవించినవాళ్ళు ఒకరినొకరు వెతుక్కున్నారు, పరిశోధకులు తర్వాత వచ్చారు. ఈ క్రమం నాకు చాలా ఇష్టమైన విషయం, నీ వ్యాసంలో తలకిందులైతే ఊరుకోను.

ఇక అంకెలు. బ్రిటన్‌లోని స్వాన్సీ యూనివర్సిటీకి చెందిన ఎమ్మా బ్యారట్, నిక్ డేవిస్ 2015లో ప్రచురించిన సర్వే నుంచి తీసుకున్నావు, బాగుంది. అందులో పాల్గొన్న 475 మందీ ఈ అనుభూతి ఉన్నవాళ్ళే. వాళ్ళలో 82 శాతం మంది నిద్ర కోసం ఈ వీడియోలు వాడతామన్నారు. నువ్వు దాన్ని "82 శాతం ప్రజలు" అని రాశావు! ఒక్క మాట మారితే మొత్తం అబద్ధమైపోతుంది. అంకె రాసిన ప్రతిసారీ అది ఎవరిని అడిగితే వచ్చిందో అదే వాక్యంలో రాయి.

అదే సర్వేలో నువ్వు వదిలేసిన సంగతి ఇంకొకటుంది. ఏది ఆ అనుభూతిని రేపుతుందని అడిగితే, గుసగుస అని 75 శాతం, తమ మీద ఎవరో ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టడం అని 69 శాతం, కరకరలాడే స్పష్టమైన చప్పుళ్ళని 64 శాతం, నెమ్మదైన కదలికలని 53 శాతం చెప్పారు. రెండోది చూడు. అది చప్పుడు కాదు. ఒక మనిషి నీ కోసం తీరిగ్గా, జాగ్రత్తగా ఏదో చెయ్యడం. నీ గాజుల పేరా ఎందుకు నిలబడిందో ఇక్కడుంది. కళ్ళద్దాల షాపులో పరీక్ష చేసే అమ్మాయి ముఖం దగ్గరికొచ్చి "ఇప్పుడు క్లియర్‌గా ఉందా, ముందుదే బాగుందా" అని మెల్లగా అడుగుతూ లెన్స్ మార్చడం, టైలర్ టేపు భుజం మీద పెట్టి కొలత పైకే చెప్పుకుంటూ రాసుకోవడం, అమ్మమ్మ మెట్ల మీద కూర్చోబెట్టుకుని పాయలు తీసి పేలు చూడటం, ఇవన్నీ ఆ జాతివే. కంటి పరీక్ష చేస్తున్నట్టు నటించే ఏఎస్ఎంఆర్ వీడియోలు ప్రపంచమంతా చూస్తున్నారు. మన ద్వారకానగర్ కళ్ళద్దాల షాపుల్లో అదే అనుభవం రోజూ జరుగుతోంది, ఎవరూ దాన్ని అలా చూడలేదు. రాయాల్సింది అదీ.

కొందరికి చప్పుడు కూడా అక్కర్లేదు. పనిలో మునిగిపోయిన మనిషి చేతుల్ని చూస్తే చాలు. లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక వెళ్ళి రా. అక్కడ తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టేస్తుంది. పనివాడు నిన్ను పట్టించుకోడు. నీకు ఏమవుతుందో చూసుకో. ఏమీ కాకపోతే కాలేదనే రాయి, అది కూడా విలువైన సమాచారమే.

మొదటి పేజీలో ఆర్కే బీచ్ అలల గురించి రాసినదంతా అందంగానే ఉంది, కానీ విషయానికి పక్కన ఉంది. విశాఖ గురించి రాసేవాళ్ళందరికీ సముద్రం ముందే వచ్చి కూర్చుంటుంది. ఆ హోరు నిద్ర పట్టిస్తుంది, నిజమే. ఆగకుండా ఒకేలా వినిపిస్తూ మిగతా చప్పుళ్ళని కప్పేస్తుంది కాబట్టి. గుసగుస పని చేసే తీరు వేరు. అది చిన్నది, దగ్గరిది, నీ ఒక్కదానికే చెప్పినట్టుండేది. అందుకే ఆ వీడియోలు తీసేవాళ్ళు చాలామంది మనిషి రెండు చెవుల మధ్య ఎంత దూరముంటుందో అంత దూరంలో రెండు మైకులు పెడతారు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోమంటారు. మాట ఎడమ చెవి నుంచి కుడి చెవికి నడిచి వెళ్తున్నట్టుంటుంది. ఫోన్ స్పీకర్లో వింటే ఆ దగ్గరితనం పోతుంది. ఇది ఒక్కటి వివరంగా చెబితే, ఇంట్లోవాళ్ళకి ఫోన్ స్పీకర్లో వినిపించి "ఏముంది ఇందులో?" అనిపించుకున్న పిల్లలందరికీ మేలు చేసినదానివవుతావు.

అనుభూతిని వర్ణించే చోట తొందరపడకు. ఎక్కడ మొదలైంది, ఎటు వెళ్ళింది, ఎంతసేపుంది, ఎప్పుడు ఆగిపోయింది, ఈ నాలుగూ రాస్తే చాలు. చాలామందికి మాడు మీదో మెడ వెనకో మొదలై వెన్నెముక వెంబడి, భుజాల్లోకి దిగుతుంది. కొందరికి చేతులు, కాళ్ళ దాకా వస్తుంది. మంచి పాట పైస్థాయికి వెళ్ళినప్పుడు ఒళ్ళు జలదరించి రోమాలు నిక్కబొడుచుకోవడం వేరు, అది క్షణాల్లో వచ్చి పోతుంది, ఉత్సాహం తెస్తుంది. ఇది నెమ్మదిగా నిమిషాల తరబడి ఉండొచ్చు, మనిషిని సర్దుకుని కూర్చోబెడుతుంది. నువ్వు రెండిటినీ కలిపేశావు.

షెఫీల్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన పని గురించి ఒక్క ముక్కలో దాటేశావు. అక్కడ ఆగు. ఈ అనుభూతి ఉన్నవాళ్ళు ఆ వీడియోలు చూస్తున్నప్పుడు గుండె వేగం సగటున నిమిషానికి 3.14 సార్లు తగ్గింది. అదే సమయంలో వాళ్ళ చర్మం విద్యుత్తును ప్రసరింపజేసే గుణం పెరిగింది. మామూలుగా మనిషి ఉద్వేగంలో ఉన్నప్పుడు, చేతికి సన్నగా చెమట పట్టినప్పుడు అలా పెరుగుతుంది. అంటే శరీరం ఒకేసారి శాంతంగానూ ఉంది, మేలుకునీ ఉంది. ఒక రచయితకి ఇంతకంటే ఏం కావాలి? "హాయిగా ఉంది" అన్న మాట నీ వ్యాసంలో పదకొండు చోట్ల ఉంది. అవన్నీ తీసేసి, ఈ రెండూ కలిసి ఉండటం ఎలా ఉంటుందో నీ ఒంట్లోంచి చూసి రాయి. మళ్ళీ మళ్ళీ రాయి. వ్యాసం మొత్తంలో కష్టపడాల్సింది ఇక్కడే.

చప్పుళ్ళ మాటలు తగ్గించు. గలగల, టకటక, గరగర అని మనకి తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి ఒక పేరాలో తొమ్మిది పడ్డాయి. ఒకటి ఉంచి, మిగతావి ఏ వస్తువు దేనికి తగిలితే వచ్చాయో చెప్పు. చప్పుడు పాఠకుడే వింటాడు.

అర్ధరాత్రి ఫోన్లో ఎవరో ఆడమనిషి గుసగుసలు వింటున్నావని అమ్మ కంగారుపడిన సంగతి రాసి, మళ్ళీ గీత కొట్టేశావు. అది ఉంచాలి. చాలా ఇళ్ళలో ఈ టెన్షన్ ఉంది. దీనిని లైంగిక విషయం అనుకుంటారు. ఆ 475 మందిలో అందుకోసం వాడేది 5 శాతం మందే. నిజాన్ని దాచకుండా, తల వంచకుండా, ఆ అంకెతో సహా రాయి. అమ్మని తప్పుపట్టేలా మాత్రం రాయకు, తెలియని గుసగుస పిల్ల గదిలోంచి వినబడితే ఏ తల్లయినా తలుపు తడుతుంది.

నిద్రలేమినీ డిప్రెషన్‌నీ నయం చేస్తుందన్న పేరా పూర్తిగా తీసెయ్యాలి. ఆ కాసేపు ఊరట దొరికిందని చాలామంది చెబుతారు, అంతవరకే నువ్వు చెప్పగలవు. నిన్ను నమ్మి ఒక పిల్లాడు డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మానేస్తే ఆ భారం నీది. రోజూ అదే వీడియో చూస్తే కొన్నాళ్ళకి ఏమీ అనిపించడం లేదని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ మాటా చేర్చు.

తిరగరాశాక ముందు నాకు పంపకు. ఈ అనుభూతి లేని నీ స్నేహితురాలు ఒకరికి ఇచ్చి, ఎక్కడ ఆగిపోయిందో పెన్సిల్‌తో గీత పెట్టమను. ఆ గీతలున్న కాపీయే నాకు కావాలి. పక్కన బాగా ఖాళీ వదిలి ప్రింటు తియ్యి, నేను రాయాల్సినవి కూడా చాలానే ఉంటాయి.

ప్రేమతో,
పెదవాల్తేరు నుంచి
మీ పిన్ని