ఏంజెల్ చేప గుడ్లు తెల్లబడిపోతుంటే

చెన్నై వేళచ్చేరిలో బోరు నీళ్లతోనే చేపల ట్యాంకు నడుపుతున్నానని, మీ ఏంజెల్ చేపల జంట మూడుసార్లు ఫిల్టర్ పైపు మీద గుడ్లు పెట్టినా రెండో రోజుకే అన్నీ తెల్లబడిపోయాయని రాశారు కదండీ. మందుల కోసం పరుగెత్తకండి. ఇలా తెల్లబడేవి చాలావరకు ఫలదీకరణ జరగని గుడ్లే. బూజు పట్టేది ఆ తర్వాతే.

ముందు అది నిజంగా జంటేనా చూడండి. రెండూ ఆడవైనా కలిసి గుడ్లు పెట్టేస్తాయి. గుడ్లు పెట్టేటప్పుడు పొట్ట కింద చిన్న గొట్టం బయటికొస్తుంది. ఆడదానికి లావుగా, మొద్దుగా ఉంటుంది. మగదానికి సన్నగా, మొన తేలి ఉంటుంది. టార్చి వేసి చూడండి.

జంట సరిగ్గానే ఉంటే నా అనుమానం నీళ్ల మీదే. మాదీ బోరే, నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేస్తుంది. అంత కఠిన జలంలో ఏంజెల్ గుడ్లు సరిగా ఫలించవు. నేను వంటింటి ఆర్ఓ నీళ్లు వారం వారం కొంచెం కొంచెంగా కలుపుతూ సగానికి తెచ్చాను. ఒక్కసారిగా మాత్రం మార్చకండి, చేపలు తట్టుకోలేవు. ఆ తర్వాతి విడత గుడ్లు తేనె రంగులోనే నిలిచాయి. 28 డిగ్రీల దగ్గర రెండున్నర రోజులకు పైపు మీదే తోకలు కొట్టుకోవడం కనిపించింది. ఎంత సంతోషమేసిందో!

పిల్లలు ఈదడానికి ఇంకో ఐదు రోజులు పడుతుంది, అప్పటిదాకా మేత వద్దు. కొళత్తూరు చేపల బజారుకు వెళ్లినప్పుడు ఆర్టీమియా (పిల్లలకు తొలి మేతగా వేసే రొయ్యల్లాంటి చిన్న జీవులు) గుడ్లు తెచ్చి, పిల్లలు ఈదడానికి ఒక రోజు ముందే పొదగడానికి ఉప్పునీళ్లలో వేసి ఉంచండి.