ఖాళీ బ్యాగును కొక్కేనికి తగిలించకండి

వానాకాలం అయ్యాక బీరువా తెరిస్తే లెదర్ హ్యాండ్‌బ్యాగు కుంగిపోయి, తెల్లగా బూజు పట్టి ఉంటోందని, ఆకారం చెడకుండా ఎలా దాచాలని అడిగారు. ముందు దాన్ని ప్లాస్టిక్ కవర్లోంచి బయటికి తీయండి. సగం నష్టం ఆ కవరు వల్లే.

తోలు తేమ పీల్చుకుని మెత్తబడుతుంది, అప్పుడు ఎలా వంగి ఉంటే అలాగే ఆరి బిగుసుకుంటుంది. విశాఖ, కాకినాడల్లో వానాకాలం గాలిలో తేమ 75 శాతం దాటడం మామూలే. 65 దాటితేనే బూజుకు వీలు చిక్కుతుంది. ఇక గాలాడని కవర్లో, బట్టల కింద నలుగుతున్న బ్యాగు ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

దాచేముందు లోపలివన్నీ దులిపి, అడుగు మూలల్లో తెల్ల టిష్యూ పేపరు ఉండలు పెట్టండి. మూలలు వదిలేసి మధ్యలోనే కుక్కితే పొట్ట ఉబ్బి అడుగు కుంగుతుంది. మిగతా జాగాకి పాత నూలు చీర ముక్కలు నింపిన దిండు గలీబు సరిపోతుంది. జిప్పు బిగువు లేకుండా పడాలి, అంతకుమించి కుక్కితే కుట్లు సాగుతాయి. న్యూస్‌పేపరు వద్దు, సిరా లోపలి గుడ్డకు అంటుతుంది. గొలుసు పట్టీ ఉంటే గుడ్డలో చుట్టి లోపల పెట్టండి, లేకపోతే తోలు మీద అచ్చు పడుతుంది. తర్వాత నూలు సంచిలో వేసి, అరలో నిలబెట్టండి. తగిలిస్తే హ్యాండిల్ సాగి, అది బ్యాగుకు అతికే చోట కుట్టు తెగుతుంది.

మధ్యరకం బ్యాగులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, 10 గ్రాములవి, రెండు వేయండి. నారింజ రంగు గింజల రకమైతే, ఆకుపచ్చగా మారినప్పుడు తేమతో నిండినట్టు లెక్క, మార్చాలి. కలరా ఉండలు మాత్రం వేయకండి, ఆ వాసన తోలును ఎంతకీ వదలదు. నెలకోసారి తీసి, నీడలో ఫ్యాను కింద ఓ పూట ఉంచండి. ఎండలో పెడితే రంగు వెలిసి తోలు పగులుతుంది. బూజు పడితే బాల్కనీలో పొడిగుడ్డతో తుడవండి, గదిలో దులిపితే పక్క బ్యాగుకూ అంటుతుంది.

ఆర్నెల్లకోసారి లెదర్ కండిషనర్ (తోలు ఎండిపోకుండా రాసే క్రీము) బఠాణీ గింజంత, ముందు అడుగున రాసి చూసి, పల్చగా పట్టించండి. స్వెయిడ్‌కి, అంటే నూగునూగుగా ఉండే తోలుకి, అది పనికిరాదు. కొబ్బరినూనె రాయమనే సలహా అస్సలు వినకండి, మచ్చలు పడి నల్లబడుతుంది, నూనె కమురు వాసన కొడుతుంది.

ఇంత చేసినా పొరలు పొరలుగా ఊడుతోందంటే చాలావరకు అది అసలు తోలు కాదు, గుడ్డ మీద ప్లాస్టిక్ పూత వేసిన రెక్సిన్. దాన్ని 'పీయూ లెదర్' (పీయూ అంటే పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్) అని చీటీ తగిలించి అమ్మడం నాకసలు నచ్చదు, కొనేవాళ్లకు 'లెదర్' ఒక్కటే కనబడుతుంది. తేమకి ఆ పూత విడిపోతే ఏ క్రీమూ అతికించలేదు. కొనేటప్పుడే పట్టీ చివర కోసిన అంచు చూడండి: తోలైతే పీచుపీచుగా ఉంటుంది, రెక్సిన్‌కైతే ప్లాస్టిక్ పొర కింద గుడ్డ కనిపిస్తుంది.