లెక్క మొదలుపెట్టేముందు ఖాళీ గడి గురించి అడుగు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. భాషాశాస్త్రం, సామాజికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ వాళ్లంతా కలిసి చేసే ప్రాజెక్టులో గణాంకాల పని నీకు అప్పగించారని చదివి చాలా సంతోషించాను. వెంటనే కాస్త బెంగ కూడా పట్టుకుంది. ప్రాజెక్టు పేరులోనే 'ఇంటరాక్షన్', 'స్ట్రక్చర్' అని రెండు మాటలు పెట్టారు. ఆ రెండూ అందరికీ తెలిసినవేనని ఎవరికి వారు అనుకుంటారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకుని ఏడు నెలల పని పోగొట్టుకున్నాను. ముందు ఆ సంగతి చెబుతాను.

మాది తరగతి గదిలో మాటల మీద పరిశోధన. టీచరు ప్రశ్న వేశాక పిల్లలు ఎలా స్పందిస్తారన్నది విషయం. సంభాషణ విశ్లేషణలో ఆరితేరిన ఒకావిడ వీడియోలు చూసి, వినబడిన ప్రతి మాటా రాసేవారు. ఆ పద్ధతి గెయిల్ జెఫర్సన్ అనే పరిశోధకురాలు రూపొందించింది. అందులో మౌనాన్ని కూడా కొలిచి రాస్తారు. బ్రాకెట్లలో 0.8 అని ఉంటే సెకనులో పదింట ఎనిమిది వంతుల సేపు ఎవరూ మాట్లాడలేదని అర్థం. ఆవిడ రాసిన కాగితాల నిండా అలాంటి అంకెలే. వాటిని పట్టికలోకి ఎక్కించేటప్పుడు 'పిల్లవాడి జవాబు' అనే నిలువు వరుసలో మాటలు ఉన్నచోట మాటలు పడ్డాయి, మౌనం ఉన్నచోట గడి ఖాళీగా మిగిలింది. ఫైలు నా చేతికి వచ్చింది. ఖాళీ గడి కనబడితే మా గణాంకాల శాఖలో ఏమనుకుంటాం? సమాచారం అందలేదనుకుంటాం. ఆ వరుసలన్నీ తీసేసి లెక్క కట్టాను. పిల్లలు చక్కగా స్పందిస్తున్నారని ఫలితం వచ్చింది.

ఆవిడ ఆ పట్టికను చాలాసేపు చూసి ఒక్క ప్రశ్న వేశారు: "మాట్లాడని పిల్లలంతా ఏరీ?"

వాళ్లను నేనే తీసేశాను. ఆవిడ దృష్టిలో ఆ మౌనమే జవాబు. ప్రశ్న అర్థం కాలేదా, భయమా, టీచరు ఆగకుండా ఇంకొకరిని అడిగేశారా అన్నదంతా ఆ సెకనులోనే ఉంది. విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో అచ్చువేసిన పరిశోధనలో టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్ల దాకా ఆగితే పిల్లల జవాబుల నిడివి పెరుగుతోందని చూపించారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, నాకు తెలియదు. నాకు తెలియదన్న సంగతి ఆవిడకు తెలియదు.

అంతకంటే లోతైన పొరపాటు ఇంకొకటి ఉంది. మీటింగుల్లో ఆవిడ 'ఇంటరాక్షన్' అన్నప్పుడల్లా ఒకరి మాట వెనక ఇంకొకరి మాట ఎలా అల్లుకుంటుందో చెప్పేవారు. నేనేమో ఒక అంశం ప్రభావం ఇంకో అంశాన్ని బట్టి మారడం అనుకునేవాడిని. టీచరు ఆగే సమయం చిన్న తరగతిలో ఒకలా, పెద్ద తరగతిలో ఇంకోలా పనిచేస్తే, దాన్నే మేం ఇంటరాక్షన్ అంటాం. 'ఇంటరాక్షన్ చూడాలి' అని ఆవిడ అనేవారు, నేను 'తప్పకుండా చూడాలి' అనేవాడిని. ఇద్దరం తలలూపి లేచేవాళ్లం. ఏడు నెలలు అలా గడిచాయి.

అందుకే నీకు చెప్పే మొదటి పని: ఒక నోటుపుస్తకం పెట్టు. మీటింగులో మళ్లీ మళ్లీ వినబడే మాటను అందులో రాసి, ఎవరు అన్నారో రాసి, పక్కనే ఒక ఉదాహరణ రాయించుకో. నిర్వచనం అడగవద్దు. నిర్వచనం అడిగితే పుస్తకంలోది అప్పజెబుతారు, అది నీకూ సబబుగానే వినిపిస్తుంది. 'మన డేటాలో దీనికి ఒక ఉదాహరణ చూపించండి' అని అడుగు. తేడా అక్కడే బయటపడుతుంది. 'పవర్' అనే మాట చూడు. నీకది, నిజంగా ఉన్న ప్రభావాన్ని పరీక్ష పట్టుకోగల సంభావ్యత. సామాజికశాస్త్రం వాళ్లకు అధికారం. 'బయాస్', 'కంట్రోల్', 'మోడల్', 'సిగ్నిఫికెంట్' కూడా ఇలాంటివే. మనకు బొత్తిగా తెలియని మాట వస్తే ఆగి అడుగుతాం కాబట్టి దానితో చిక్కు లేదు. తెలిసిన మాటలే ముంచుతాయి.

'స్ట్రక్చర్' సంగతీ అంతే. స్ఫటికాలు చూసేవారికి అది పరమాణువులు ఏ చోట ఉన్నాయన్నది. సామాజికశాస్త్రంలో మనిషి చేతలకు హద్దులు గీసే ఏర్పాట్లు. గణితంలో, వస్తువుల పేర్లు తీసేసినా మిగిలే సంబంధాలు. ఈ తేడా ఎప్పుడూ అడ్డంకే అనుకోకు, ఒక్కోసారి అదే దారి చూపిస్తుంది. మానవశాస్త్రజ్ఞుడు క్లాడ్ లెవీ-స్ట్రాస్ బంధుత్వ వ్యవస్థల మీద పనిచేస్తూ, ఆస్ట్రేలియా ఆదివాసుల వివాహ నియమాల్లో చిక్కు విడదీయలేక గణితజ్ఞుల సాయం అడిగారు. ఆంద్రే వేయ్‌ ఆ నియమాలను గణితంలోని గ్రూపు సిద్ధాంతంలోకి తెచ్చారు. పెళ్లి అంటే ఏమిటన్న ప్రశ్న ఆయనకు అవసరం పడలేదు. ఏ వర్గంవారు ఏ వర్గంవారిని చేసుకుంటారు, పుట్టిన పిల్లలు ఏ వర్గంలోకి వెళ్తారు అన్న సంబంధాలు చాలాయి. 1949లో వచ్చిన లెవీ-స్ట్రాస్ పుస్తకంలో వేయ్‌ రాసిన గణిత అనుబంధం ఉంది. మానవశాస్త్రజ్ఞుడు ముందుగా తన ప్రశ్నను నియమాల రూపంలోకి తెచ్చుకున్నాడు కాబట్టే గణితజ్ఞుడి చెయ్యి దాని మీద పడగలిగింది. మీ వాళ్ల ప్రశ్న ఇంకా ఆ రూపంలోకి రాకపోతే తొందరపడి సూత్రాలు బయటికి తీయకు. వాళ్లతో కూర్చుని, ప్రశ్న ఆ రూపానికి వచ్చేదాకా మాట్లాడు.

కూర్చోవడం అంటే మీటింగు గదిలో కూర్చోవడం కాదు, వాళ్లు పనిచేసేచోట కూర్చోవడం. మన గణాంకశాస్త్రజ్ఞులు సి. ఆర్. రావు గారు 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది అక్కడి పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియంలో పనిచేయడానికి. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన అస్థిపంజరాల కొలతలు ఆయన ముందు పెట్టారు. ఆ ఎముకల సమస్య నుంచే, రొనాల్డ్ ఫిషర్ పర్యవేక్షణలో, జీవవర్గీకరణలో గణాంక సమస్యల మీద 1948 నాటి ఆయన పీహెచ్‌డీ పుట్టింది. నువ్వూ ఒక వారం పాటు ఆ వీడియోలు చూసేవారి పక్కన కూర్చో. ఒక నిమిషం సంభాషణ రాయడానికి ఎన్నిసార్లు వెనక్కి తిప్పి వింటారో లెక్కపెట్టు. ఆ తర్వాత 'ఇంకో వెయ్యి నమూనాలు కావాలి' అని నువ్వు తేలిగ్గా అనలేవు.

పట్టిక విషయం ఇంకొంచెం చెప్పాలి. వేర్వేరు శాఖలవాళ్లు నిజంగా కలుసుకునేది సిద్ధాంతాల దగ్గర కాదు, పట్టిక దగ్గర. 1908లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో వెన్నెముక జంతువుల మ్యూజియం మొదలైనప్పుడు దాని డైరెక్టరు జోసెఫ్ గ్రిన్నెల్‌కు నమూనాలు తెచ్చేవారిలో వేటగాళ్లు, సరదాగా సేకరించేవాళ్లు, శాస్త్రజ్ఞులు అందరూ ఉండేవారు. వాళ్ల ఉద్దేశాలు ఒకటి కావు. జంతువు ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎలాంటి పరిసరాల్లో అన్న వివరాలను మాత్రం ఒకే పద్ధతిలో రాయాలని ఆయన పట్టుబట్టారు. సూసన్ లీ స్టార్, జేమ్స్ గ్రీసెమర్ 1989లో ఆ మ్యూజియం మీద రాసిన వ్యాసంలో, అందరి ఏకాభిప్రాయం లేకపోయినా కలిసి పనిచేయడం ఎలా సాధ్యమైందో వివరించారు. ఆ మాట నాకు చాలా ధైర్యమిచ్చింది. మీరంతా అన్నిటిలోనూ ఒప్పుకోవాలని నువ్వు ఆరాటపడక్కర్లేదు. ప్రతి నిలువు వరుసకూ ఏ యూనిట్టు, ఎవరు నింపుతారు, ఖాళీ వదిలితే ఏమని అర్థం, 'తెలియదు'కు ఏ గుర్తు, 'వర్తించదు'కు ఏ గుర్తు అన్నవి ఒక పేజీలో రాసి అందరిచేతా చదివించు. మేం చివరికి మౌనానికి ఒక గుర్తు, మైకుకు అందని మాటకు ఇంకో గుర్తు పెట్టుకున్నాం. ఒక పూట పని. మొదటి వారంలోనే చేసి ఉండాల్సింది.

ఇది మరీ చిన్న విషయమని ఎవరైనా అంటే నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌకను గుర్తుచెయ్యి. ఒక బృందం సాఫ్ట్‌వేరు అంకెలను పౌండ్-సెకన్లలో ఇస్తే, ఇంకో బృందం వాటిని న్యూటన్-సెకన్లుగా చదివింది. దాదాపు నాలుగున్నర రెట్ల తేడా. 1999 సెప్టెంబరు 23న ఆ నౌక అంగారకుడి దగ్గర పోయింది. రెండు వైపులా ఉన్నది ఇంజనీర్లే. మీరు నాలుగు శాఖలవాళ్లు.

ఇక నువ్వు అడగడానికి మొహమాటపడిన విషయం, పేపరు మీద రచయితల పేర్ల వరుస. గణితంలో, ఆర్థికశాస్త్రంలో పేర్లు ఎక్కువగా అక్షరక్రమంలో వేస్తారు. జీవశాస్త్రాల్లో మొదటి పేరు పని చేసినవారిది, చివరి పేరు ప్రయోగశాల పెద్దది. కణభౌతికశాస్త్రం లోకం వేరే. హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద 2015లో వచ్చిన పేపరుకు 5,154 మంది రచయితలు. మొత్తం 33 పేజీల్లో 24 పేజీలు వాళ్ల పేర్లూ సంస్థలే. అంటే ఒకే వరుసను ఇద్దరు రెండు రకాలుగా చదువుతారు. నీ పేరు చివర వేస్తే ఒకరు గౌరవమనుకుంటారు, ఇంకొకరు నువ్వు పెద్దగా ఏమీ చేయలేదనుకుంటారు. ఫలితం రాకముందే, ఎవరికీ ఏ ఆశా పుట్టకముందే, దీన్ని రాతపూర్వకంగా తేల్చుకోండి. పేరుతోపాటు ఎవరు ఏ పని చేశారో కూడా రాసుకోండి. ఎవరి డేటాను ఎవరు, ఎవరి అనుమతితో చూడవచ్చో అదీ రాసుకోండి.

ఈ చివరి మాట మీద ఎందుకు ఇంత పట్టుదల అంటావా? డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టిన కథ తలుచుకో. జేమ్స్ వాట్సన్ పాఠ్యపుస్తకాల్లో ఉన్న, డీఎన్ఏలో జతలుగా కూడే బేస్‌ల రూపాలు పట్టుకుని జతలు కుదర్చలేక తిప్పలు పడుతుంటే, అదే గదిలో కూర్చునే జెర్రీ డోనహ్యూ ఆ రూపాలే తప్పని చెప్పాడు. ఆయన రసాయనశాస్త్రం తెలిసినవాడు. రూపాలు సరిదిద్దుకుని అట్టముక్కలు కత్తిరించి పేర్చేసరికి జతలు కుదిరాయి. ఒకే గదిలో కూర్చోవడం వల్ల అంత మేలు జరిగింది. అదే కథలో, డీఎన్ఏ మీదే పనిచేస్తున్న రోజలిండ్ ఫ్రాంక్లిన్ పర్యవేక్షణలో తీసిన ఎక్స్-రే చిత్రాన్ని ఆమెకు తెలియకుండానే వాట్సన్‌కు చూపించారు. 1953 ఏప్రిల్ 25 నాటి నేచర్ సంచికలో మూడు పేపర్లు వచ్చాయి. ఆమెది మూడోది. ఆ అన్యాయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మాటలు ధారాళంగా సాగేచోటే కట్టుబాటు కావాలి. లేకపోతే నోరులేని వాళ్ల సొత్తు పెద్దగొంతు వాళ్ల పాలవుతుంది. మీ బృందంలో అందరికంటే చిన్నవాళ్లు, వీడియోలు రాసిపెట్టే పిల్లలు ఉంటారు కదా, వాళ్ల పేర్లు ఆ కాగితంలో ఉన్నాయో లేదో నువ్వు చూడు.

కాలం విషయంలో కాస్త ఓపిక పట్టు. నీ మోడల్ రాత్రికి రాత్రి నడుస్తుంది, వాళ్ల పరిశీలనకు ఏడాది పడుతుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లు కాన్ఫరెన్సు గడువు కోసం పరుగెడతారు. ఎవరి తొందర ఎక్కడినుంచి వస్తోందో తెలిస్తే సగం విసుగు తగ్గుతుంది.

మీటింగు ఎలా నడపాలని అడిగావు. నేను చివరికి నేర్చుకున్న పద్ధతి ఒకటే. ఎవరి పని వాళ్లు చెప్పుకోరు. ఆవిడ నెల రోజుల్లో కనుక్కున్నది నేను చెప్పాలి, నా లెక్క ఆవిడ చెప్పాలి, తప్పు చెబితే అసలువాళ్లు దిద్దాలి. మొదటిసారి ఆవిడ నా ఫలితాన్ని వివరిస్తుంటే, నేను రెండు పేజీల్లో రాసింది ఆవిడ నాలుగు వాక్యాల్లో చెప్పేశారు. మూడో వాక్యం తప్పు. ఆ తప్పు ఆవిడది కాదు, నా రాతలోనే ఉంది.

మీ పట్టిక తయారయ్యాక, లెక్క మొదలుపెట్టకముందే, అనుమతి తీసుకుని పేర్లు తీసేసి ఓ పది వరుసలు నాకు పంపు. ఖాళీ గళ్లు ఉన్నవే ఏరి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు