వాతావరణ శిబిరానికి పిల్లల్ని పంపాలా? మీ ప్రశ్నలు, మా జవాబులు

సెలవులు దగ్గర పడుతున్నాయి కదా, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు బడి పిల్లల కోసం పెట్టే వాతావరణ విజ్ఞాన శిబిరాల గురించే. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. మబ్బు పడితే చాలు, పుస్తకం పక్కన పడేసి కిటికీ దగ్గర నిలబడతాడు. వేసవిలో వాతావరణ శిబిరం పెడుతున్నారని తెలిసింది. తీరా పంపాక అక్కడ కూడా క్లాసులే చెప్తే ఏం ప్రయోజనం? మంచి శిబిరమో కాదో ముందే ఎలా తెలుసుకోవాలి? (ఒక తల్లి)

జవాబు: పంపండమ్మా. కాకపోతే ఫీజు కట్టేముందు నిర్వాహకులను ఒక్క మాట అడగండి: పిల్లలు రోజూ బయటికెళ్లి తమ చేత్తో ఏమేం కొలుస్తారు? నిపుణులొచ్చి మాట్లాడతారు, వీడియోలు చూపిస్తాం, చివరి రోజు సర్టిఫికెట్ ఇస్తాం అని మాత్రమే చెప్తే మీ అనుమానం నిజమేనన్నమాట. అలా కాకుండా ప్రతిరోజూ ఒకే వేళకు ఉష్ణోగ్రత, పీడనం, గాలి దిశ, తేమ, వాన పిల్లల చేతే కొలిపించి నోట్‌బుక్కులో రాయిస్తాం అన్నారా, ఇంకేమీ ఆలోచించకుండా చేర్పించండి.

కొలవడం మీదే ఎందుకింత పట్టు అంటే, ఉష్ణోగ్రత సంగతే చూడండి. థర్మామీటర్ తీసుకెళ్లి ఎండలో పెడితే అది గాలి ఎంత వేడిగా ఉందో చెప్పదు, ఎండకు తాను ఎంత కాగిందో చెప్తుంది. అందుకే వాతావరణ కేంద్రాల్లో దాన్ని తెల్ల రంగు వేసిన చెక్కపెట్టెలో, నేలకు సుమారు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో పెడతారు. పెట్టె గోడలకు ఏటవాలు చీలికలుంటాయి, గాలి లోపలికి ఆడుతుంది గానీ ఎండ పడదు. 19వ శతాబ్దంలో థామస్ స్టీవెన్సన్ అనే దీపస్తంభాల ఇంజనీర్ రూపొందించాడు కాబట్టి స్టీవెన్సన్ స్క్రీన్ అంటారు. ఈ సంగతి బోర్డు మీద రాస్తే పిల్లలు పరీక్ష దాకా గుర్తుపెట్టుకుంటారు. అదే ఒక థర్మామీటర్ ఎండలో, ఒకటి గోడ నీడలో, ఒకటి పెట్టెలో పెట్టి, మూడూ ఒకే నిమిషంలో చదివించి, ఇందులో ఏది నమ్మాలో మీరే తేల్చండి అని వదిలేస్తే పిల్లల మధ్య పెద్ద వాదనే మొదలవుతుంది. ఆ వాదన జరిగే శిబిరానికి పంపండి.

ప్రశ్న: శిబిరంలో ఒక థర్మామీటర్ బల్బుకి తడిగుడ్డ చుట్టారు, పక్కనే మామూలుది ఉంది. ఒకే చోట ఉన్నా రెండూ వేరే వేరే అంకెలు చూపించాయి. ఎందుకని? (ఎనిమిదో తరగతి విద్యార్థిని)

జవాబు: గుడ్డలోని నీరు ఆవిరైపోతూ బల్బు నుంచి వేడిని లాక్కుంటుంది, అందుకని తడి థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది. గాలి పొడిగా ఉంటే నీరు గబగబా ఆవిరవుతుంది, తేడా పెరుగుతుంది. గాలిలో తేమ బాగా ఉంటే ఆవిరి మందగించి రెండు అంకెలూ దగ్గరకొస్తాయి. ఆ తేడాను పట్టికలో చూసి గాలిలో తేమ ఎంత శాతముందో చెప్పేస్తారు.

ఇప్పుడు నీ చర్మాన్ని ఆ తడిగుడ్డ అనుకో. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. రెండు అంకెలూ దగ్గరగా ఉన్న రోజున చెమట ఆరదు, ఉక్క మొదలవుతుంది. అందుకే 40 డిగ్రీల పొడి ఎండను తట్టుకున్నవాళ్లు కూడా 34 డిగ్రీల ఉక్కలో డీలా పడిపోవచ్చు. తడి థర్మామీటర్ 35 డిగ్రీలు చూపించే పరిస్థితి గంటల తరబడి ఉంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా ప్రాణాలతో ఉండటం కష్టమని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు, అంతకంటే తక్కువలోనే ప్రమాదం మొదలవుతుందని తర్వాతి పరిశోధనలు చెప్తున్నాయి. రోజూ ఆ రెండు అంకెలతో పాటు ఆ పూట నీ ఒంటికి ఎలా అనిపించిందో కూడా పక్కనే ఒక మాట రాసుకో, కొన్నాళ్లకు అంకె చూడగానే ఉక్క ఎంతో నువ్వే చెప్పగలుగుతావు.

ప్రశ్న: మండుటెండలో పిల్లల్ని బయట తిప్పుతారా? పైగా వేసవిలో ఉన్నట్టుండి ఉరుములు, పిడుగులు. నాకు టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి)

జవాబు: మీ టెన్షన్‌లో న్యాయముంది, నిర్వాహకులను గట్టిగానే అడగండి. కొలతల కోసం ఎండలో గంటలు నిలబడాల్సిన పనే లేదు. గరిష్ఠ, కనిష్ఠ థర్మామీటర్లు రోజులో ఎక్కువెంత, తక్కువెంత అన్నది తమలోనే గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి పొద్దునే ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే సరిపోతుంది. మధ్యాహ్నం గదిలో కూర్చుని గ్రాఫ్ గీసుకోవచ్చు. (సూర్యుడు నడినెత్తిన ఉండేది పన్నెండుకైతే వేడి రెండు, మూడు గంటలకు ఎందుకు పెరుగుతుందని పిల్లలు అడుగుతారు. మధ్యాహ్నం దాటాక కూడా నేలకు అందే వేడి, నేల పోగొట్టుకునే వేడి కంటే ఇంకా కాసేపు ఎక్కువే ఉంటుంది, అందుకని.)

పిడుగుల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఉరుము వినిపించిందంటే పిడుగు పడే దూరంలోనే ఉన్నామని అర్థం. వెంటనే పక్కా భవనంలోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లాలి, చెట్టు కిందకి అస్సలు వెళ్లకూడదు. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాల దాకా బయటికి రాకూడదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరమో తెలుస్తుంది. ఈ లెక్క లోపల కూర్చుని వేయించాలి, వరండాలో నిలబెట్టి కాదు. ఈ నియమాలు మొదటి రోజే చెప్పని శిబిరం మీకు వద్దు.

ప్రశ్న: ఫోన్‌లో చూస్తే రేపు వానొస్తుందో లేదో తెలిసిపోతుంది కదా, మళ్లీ ఇదంతా నేర్చుకోవడం దేనికి? (పదో తరగతి విద్యార్థి)

జవాబు: ఫోన్‌కి ఆ సంగతి ఎవరు చెప్పారంటావు? ప్రపంచవ్యాప్తంగా వందల చోట్ల నుంచి బెలూన్లు, చాలాచోట్ల రోజుకు రెండేసి సార్లు, దాదాపు ఒకే సమయానికి పైకి వదులుతారు. వాటికి వేలాడే రేడియోసోండ్ అనే చిన్న పరికరం 30 కిలోమీటర్ల ఎత్తు దాకా ఉష్ణోగ్రత, తేమ, పీడనం పంపిస్తూ వెళ్తుంది. పైకి పోయేకొద్దీ చుట్టూ పీడనం తగ్గి బెలూన్ ఉబ్బి ఉబ్బి చివరికి పగిలిపోతుంది. ఇవీ, ఉపగ్రహాలూ, నేల మీది కేంద్రాలూ ఇచ్చిన కొలతల మీదే కంప్యూటర్ లెక్క మొదలవుతుంది. ఆ మొదటి కొలతలో పిసరంత తేడా ఉన్నా కొన్నాళ్లకు అంచనా ఎటో వెళ్లిపోతుంది. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త కంప్యూటర్‌లో ఒక వాతావరణ లెక్కను రెండోసారి నడుపుతూ 0.506127 బదులు 0.506 అని కుదించి ఇచ్చాడు. మొదట్లో రెండు లెక్కలూ కలిసే నడిచాయి, ఆ తర్వాత ఒకదానికొకటి పొంతన లేకుండా పోయాయి.

ఇంకో సంగతి. వాన పడే అవకాశం 30 శాతం అని ఫోన్ చెప్పి, వాన పడితే తప్పు చెప్పిందంటాం. అలాంటి పది రోజుల్లో సుమారు మూడు రోజులు వాన పడితేనే ఆ అంచనా సరైనది. నమ్మకం కుదరకపోతే రోజూ రాత్రి ఫోన్ చెప్పిన శాతం రాసి, మర్నాడు వాన పడిందో లేదో పక్కన రాసుకుంటూ పో. 30 శాతం అన్న రోజులన్నీ ఒకచోట చేర్చి లెక్కేస్తే, నీ ఊరి విషయంలో ఫోన్‌ని ఎంతవరకు నమ్మాలో నీ దగ్గరే ఆధారం ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి లెక్కల్లో కాస్త వెనక. శిబిరంలో ఇబ్బంది పడుతుందా?

జవాబు: పడదు. కూడికలు, సగటు, గ్రాఫ్ వస్తే చాలు. తాను కొలిచిన అంకెలు కాబట్టి వాటి మీద ఇష్టం పెరిగే అవకాశమే ఎక్కువ.

ప్రశ్న: మాది చిన్న బడి, పరికరాలు కొనే స్తోమత లేదు. సెలవుల్లో ఒక వారం మేమే శిబిరం పెట్టుకోవచ్చా? (ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: తప్పకుండా పెట్టండి మాస్టారూ. పక్కలు నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, తలకిందులుగా అదే సీసాలో గరాటులా పెడితే వర్షమాపకం తయారు. అడుగు వంకరగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, సమంగా ఉన్న చోటిదాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత గీయండి. ఒక మిల్లీమీటర్ వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. ఈ లెక్కతో మీ బడి పైకప్పు మీద ఎన్ని లీటర్లు పడ్డాయో పిల్లల చేత కట్టించండి, నోళ్లు వెళ్లబెడతారు.

గాలికి కూడా పరికరం అక్కర్లేదు. 1805లో ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నావికాధికారి సముద్రం మీద వాడుకోవడానికి తయారుచేసిన గాలి బలం స్కేలు తర్వాత నేల మీదకీ వచ్చింది. ఆకులు, చిన్న రెమ్మలు ఆగకుండా కదులుతుంటే 3, దుమ్ము, కాగితాలు లేస్తే 4, అంటే గంటకు సుమారు 20 నుంచి 28 కిలోమీటర్లు. ఇక మబ్బు పుట్టించాలంటే, పారదర్శకమైన సీసాలో కొంచెం గోరువెచ్చని నీళ్లు పోసి, ఆర్పిన అగ్గిపుల్ల పొగ లోపలికి పట్టి (అగ్గిపుల్ల మీరే వెలిగించండి) మూత బిగించి, గట్టిగా నొక్కి వదలండి. వదలగానే లోపలి గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, తెల్లగా పొగమంచు కమ్ముతుంది. ముందు పొగ లేకుండా ఒకసారి చేయించండి, దాదాపు ఏమీ కనిపించదు. నీటి ఆవిరి పట్టుకోవడానికి గాలిలో సన్నని రేణువులు కావాలని అప్పుడు మీరు చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

వారం అయిపోయాక కూడా నోట్‌బుక్కు ఆపనివ్వకండి, వంతుల వారీగా ఇద్దరిద్దరికి అప్పగించండి. ఒక రోజు కొలవడం మర్చిపోతే ఆ గడి ఖాళీగానే వదలమనండి, అందాజుగా నింపొద్దని మొదట్లోనే చెప్పేయండి.